‘పక్షవాతం’ అంటే వాతం కాదని మాకెవరూ చెప్పలేదు

శెనక్కాయల_రైతు
మూడు నెలలుగా కడుపులో పెట్టుకున్న మాట. ఉరవకొండ పక్క పల్లె మాది. ఒకరోజు పొద్దున ఆరున్నరకు మా నాయన పాలు పిండి లేస్తూ చెంబు వదిలేసినాడు. కింద పడినదాన్ని కుడిచేత్తో తీసుకోబోతే వేళ్లు మూసుకోలేదు. పాలు కాళ్ల కిందికి పారుతుంటే దాని దిక్కే చూస్తూ నిలబడినాడు. మూతి ఎడమ పక్కకు లాగేసింది. మాట పిండిముద్ద మాదిరి వస్తోంది.

ఊళ్లో పెద్దాయన వచ్చి చూసి ‘పక్షవాతం’ అన్నాడు. అది విని మా చిన్నాయన ‘వాతమే కదా, గాలి పట్టింది. తైలం రుద్ది పసరు తాగిపిస్తే దిగుతుంది’ అన్నాడు. మా అమ్మకు మోకాళ్ల వాతం ఇరవై ఏండ్లుగా ఉంది. వాతం అంటే మాకు తెలిసింది అదే. వాతానికి ఎవరైనా పరుగెత్తుకుంటూ ఆసుపత్రికి పోతారా? ఒకడిని పావురం కోసం పంపినాము, దాని రక్తం రుద్దితే మంచిదంట. తర్వాత ఆటో మాట్లాడుకుని పసరు ఇచ్చే ఊరికి పోయినాము. అక్కడ మా ముందర నలభై మంది. టౌనుకు వచ్చి స్కాన్ తీసేసరికి రాత్రి ఎనిమిది.

డాక్టరు అడిగింది ఒకటే, ‘ఎన్ని గంటలకు మొదలైంది?’ పొద్దున ఆరున్నర అని చెప్పినాను. చేతిలో పెన్ను కింద పెట్టేసినాడు. ‘నాలుగున్నర గంటల లోపల వచ్చింటే...’ అని అంతటితో ఆపినాడు.

నా ప్రశ్న ఇది. ఇంత పెద్ద జబ్బుకు వాతం అని పేరెవరు పెట్టినారు? రోగాల పేర్లు, చావు మాటలు మనం రోజూ వాడుతూనే ఉంటాం కదా, వాటి అసలు అర్థాలు తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకొక ఇంట్లో ఇట్ల జరగకూడదు.

రాయదుర్గం_జీన్స్
చదువుతుంటే గుండె పిండేసినట్లు అయింది అన్నా. నాయన ఇప్పుడెట్లున్నాడు?

శెనక్కాయల_రైతు
కర్ర పట్టుకుని నడుస్తాడు. కుడిచెయ్యి లేదు అనుకోవాల్సిందే. మాట సగం.

అయివారు_పులివెందుల
ముప్పై ఏండ్లు తెలుగు చెప్పినవాడిని కాబట్టి మాట వరకు చెప్తాను. పక్షం అంటే ఒక వైపు. రెక్కను కూడా పక్షం అంటారు, అందుకే రెక్కలున్నది పక్షి అయింది. నెలలో సగం కూడా పక్షమే. కాబట్టి పక్షవాతం అంటే ఒంట్లో ఒక సగానికి వచ్చిన వాతం.

ఇక వాతం. ఆయుర్వేదంలో వాతం అంటే కీళ్లనొప్పో కడుపులో గ్యాసో కాదు. ఒంట్లో కదలిక అనేదాన్నంతా నడిపేది వాతం అని వాళ్ల లెక్క. కదలిక నిలిచిపోయింది కాబట్టి వాతం చెడిందన్నారు. గ్రంథాల్లో ఈ జబ్బుకు ఇంకొక పేరు కూడా ఉంది, పక్షాఘాతం. ఆఘాతం అంటే దెబ్బ. ఒక పక్కకు తగిలిన దెబ్బ. పేరు పెట్టినవాళ్లు తెలిసే పెట్టినారు నాయనా. వాడుకలో వాతం మోకాళ్ల దగ్గరికి దిగిపోయింది.

మందులషాపు_గుత్తి
అయివారూ, మీ మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోను. అర్థం గ్రంథంలో భద్రంగా ఉంటే ఈ అన్న నాయనకు ఏం లాభం? మాట అంటే విన్నవాడి చెవిలో పడినదే. మా షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది ‘పక్షపాతానికి మాత్రలు ఇయ్యి’ అంటారు. కొత్తలో నవ్వొచ్చేది, ఇప్పుడు రాదు. ఎప్పుడొచ్చింది, స్కాన్ తీసినారా అని అడుగుతాను.

ఆదోని_బాషా
మా ఇళ్లలో మూతి వంకర పోతే లఖ్వా అంటాం. కాలూ చెయ్యీ పడిపోతే ఫాలిజ్. మా మామ అరబీ చదివినాడు. ఫాలిజ్ అంటే నిలువునా రెండుగా చీల్చడం అనే మాట నుంచి వచ్చిందని చెప్పేవాడు. అయివారు చెప్పిన ‘సగం’ ఇక్కడ కూడా ఉంది చూడండి. ఇంగ్లీషు స్ట్రోక్ అన్నా దెబ్బే.

నంద్యాల_నర్సక్క
పందొమ్మిదేళ్లుగా వార్డులో పని చేస్తున్నాను. పేరు సంగతి తర్వాత, ముందు జబ్బు సంగతి వినండి.

ఇది చేతి జబ్బు కాదు, కాలి జబ్బు కాదు. మెదడు జబ్బు. ఎడమ మెదడు దెబ్బ తింటే కుడి పక్క పడిపోతుంది, చాలామందికి మాట కూడా అక్కడే ఉంటుంది కాబట్టి మాట పోతుంది. చేతికి తైలం ఎంత రుద్దినా చెడింది అక్కడ కాదు కదా. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే ఒక రకం, నాళం పగిలితే ఇంకొక రకం. బయటికి రెండూ ఒకటే మాదిరి కనిపిస్తాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ పగిలిన మనిషికి వేస్తే ప్రాణానికే ముప్పు, అందుకే స్కాన్ తీయకుండా ఎవరూ వెయ్యరు. ఆ ఇంజెక్షన్‌కే నాలుగున్నర గంటల లెక్క. అది కూడా మీరు చూసిన గంట నుంచి కాదు, మనిషి చివరగా బాగున్న గంట నుంచి. పెద్ద నాళంలో ఉన్న గడ్డను తీగతో లాగే వైద్యం ఉంది, కొందరికి ఇరవై నాలుగు గంటల వరకు కూడా చేస్తారు. అయితే అది పెద్ద ఊళ్లలోనే, అందరికీ కుదరదు.

ఇంకొకటి. నోట్లో ఏమీ పోయొద్దు. పసరే కాదు, నీళ్లు కూడా వద్దు. మింగే శక్తి పోయి ఉంటుంది, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అట్ల న్యుమోనియా వచ్చి పోయినవాళ్లను చూసినాను.

కడప_కారందోశ
అక్కా, మరి గుండెపోటు అంటే అందరూ పరుగెత్తుతారు కదా. దీన్ని కూడా ‘మెదడుపోటు’ అంటే సరిపోదా? పేపర్లలో బ్రెయిన్ స్ట్రోక్ అని రాస్తున్నారు కానీ మా అవ్వకు అది ఎక్కదు.

నంద్యాల_నర్సక్క
పోటు వద్దు చెల్లీ. పోటు అంటే పొడిచినట్లు నొప్పి. ఈ జబ్బులో ఎక్కువమందికి నొప్పి ఉండదు, చిక్కంతా అక్కడే. నొప్పి ఉంటే మనిషి అరుస్తాడు, అరిస్తే జనం పరుగెత్తుతారు. మెదడుపోటు అని పేరు పెడితే, పోటు రాలేదు, నొప్పి లేదు కదా అని ఇంట్లోనే పండుకోబెట్టేస్తారు.

గుండెపోటు మాటతో కూడా తంటానే. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి పోటు రాదు. చెమటలు, ఆయాసం, దవడ లాగడం, అంతే. ‘గ్యాసు’ అని సోడా తాగి కూర్చుంటారు.

తుంగభద్ర_నీళ్లు
అయితే ‘దెబ్బ’ అనండి. వడదెబ్బ అంటే మన సీమలో అర్థం కానివాళ్లు ఎవరున్నారు? కర్నూలు ఎండలకు చిన్నపిల్లోడికి కూడా తెలుసు, వడదెబ్బ తగిలితే వెంటనే చూడాలని. మెదడుదెబ్బ.

శెనక్కాయల_రైతు
మెదడుదెబ్బ. ఆ రోజు పెద్దాయన నోట ఈ మాట వచ్చింటే నేను ఆటో మాట్లాడేవాడిని కాదు, 108కు ఫోన్ చేసేవాడిని.

అయివారు_పులివెందుల
బాగుంది. ఆఘాతానికి అచ్చ తెలుగు దెబ్బే. గుత్తి అబ్బాయి చెప్పింది కూడా ఒప్పుకుంటున్నాను, మాట విన్నవాడి చెవిలోనే ఉంటుంది.

జొన్నరొట్టె
నేను ‘అమ్మవారు’ అన్న మాట మీద మాట్లాడతాను. పోయిన ఏడు మా ఆయనకు అమ్మవారు పోసింది. వయసు నలభై రెండు. మా అత్త గడపకు వేపమండలు కట్టి, ఇంట్లో మందు మాట ఎత్తితే అమ్మకు కోపం వస్తుంది అంది. నాకూ భయమే, నేనూ నోరు మూసుకున్నాను. ఐదో రోజుకు దగ్గు, ఊపిరి ఆడలేదు. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాము. పెద్దవాళ్లకు వస్తే చికెన్‌పాక్స్ ఊపిరితిత్తులకు పోవచ్చని అప్పుడు తెలిసింది. జబ్బుకు దేవత పేరు పెట్టినందుకు మేము ఐదు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాము.

నంద్యాల_నర్సక్క
పెద్దవాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు వస్తే పొక్కులు కనిపించిన మొదటి రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. దానికి మందు ఉంది, తొందరగా మొదలుపెడితేనే పని చేస్తుంది.

రాయదుర్గం_జీన్స్
జొన్నరొట్టె అక్కా, మీ బాధ నిజం. కానీ ఆ మాటను నేను తిట్టలేను. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒళ్లంతా పొక్కులు వచ్చినాయి. మొహం చూసుకుంటే నాకే అసహ్యం. మా జేజి మాత్రం ‘అమ్మ వచ్చింది, నాయనా’ అని రోజూ నా కాళ్లకు దండం పెట్టేది. వేపాకుల మీద పండుకోబెట్టి, మజ్జిగ అన్నం పెట్టి, బయటివాళ్లను గడప తొక్కనివ్వలేదు. నన్ను రోగిష్టిని మాదిరి కాకుండా గుడిలో దేవుడిని చూసుకున్నట్లు చూసుకుంది. బయటివాళ్లను రానివ్వకపోవడం వల్ల ఇంకొకరికి అంటలేదు కూడా. అది ఆ మాట వల్లే కదా?

జొన్నరొట్టె
అవును తమ్ముడూ. మా అత్త కూడా ఆయన గది తలుపు దగ్గరే పదకొండు రాత్రులు పండుకుంది. మాట పోవాలని నేను అనడం లేదు. వేపమండ పక్కన మాత్ర కూడా పెట్టుకోనియ్యండి అంటున్నాను.

అయివారు_పులివెందుల
ఇందులో ఒక సంగతి ఉంది. మొదట అమ్మవారు అన్నది మశూచికాన్ని, పెద్దమ్మవారిని. మసూర అంటే ఎర్ర కందిపప్పు, పొక్కు ఆ గింజంత ఉంటుందని మసూరిక అన్నారు. మన దేశంలో ఆ జబ్బు చివరి కేసు 1975 మే నెలలో. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించినారు. జబ్బు పోయింది కానీ దాని పేరు, దాని భయం, దాని మడి అన్నీ చిన్నమ్మవారికి, తట్టుకు మిగిలినాయి. పెద్దమ్మవారికి మందు లేదన్నది ఆ కాలానికి నిజమే. అదే మాట ఇప్పటి ఆటలమ్మకు అంటించుకుని కూర్చున్నాము.

ఆ జబ్బును పోగొట్టింది టీకా. పద్యానికి చెప్పే అర్థవివరణను కూడా టీకా అంటారు. బడిలో నేను చెప్పిన టీకా పద్యానికి, నర్సమ్మ వేసే టీకా చేతికి. పిల్లలు ఈ రెండింటినీ కలిపి అడిగేవాళ్లు, ‘సార్, పద్యానికి కూడా జ్వరం వస్తుందా’ అని.

తుంగభద్ర_నీళ్లు
కలరా మాట వస్తే మా జిల్లా గుర్తుకొస్తుంది. మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో దొర పత్తికొండలో కలరా తగిలి పోయినాడు, 1827 జులై 6. అంతకు ముందు ఈ సీమకే కలెక్టరు. అంత పెద్ద దొరకు కూడా వాంతులూ భేదులే ప్రాణం తీసినాయి. ఇప్పుడు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు సమయానికి తాగిపిస్తే బతికే జబ్బు.

మందులషాపు_గుత్తి
అర్థం తెలిసి ఔరా అనుకున్న పేరు నాకు ఒకటుంది, చికున్‌గున్యా. 2006లో మా వీధిలో ఒక్క ఇల్లు కూడా తప్పించుకోలేదు. మా నాయన నడుము ఎత్తలేక గోడ పట్టుకుని బాత్రూముకు పోయేవాడు. జనం కోడికూర తింటే వస్తుందనుకున్నారు, పేరులో ‘చికెన్’ వినిపించి! కోళ్లకు దానికి ఏ సంబంధమూ లేదు. ఆ మాట ఆఫ్రికాలో టాంజానియా వాళ్ల మకొండే భాషది, వంగిపోయేది అని అర్థం. మా నాయనను చూసి పెట్టినట్లుంది పేరు.

ఆదోని_బాషా
కోడికూర మా ఇంట్లో కూడా రెండు నెలలు బంద్ చేసినారు. పాపం దోమలు హాయిగా ఉన్నాయి.

కడప_కారందోశ
నేను క్షయ గురించి రాయాలి. క్షయ అంటే అరిగిపోవడం, కరిగిపోవడం. చంద్రుడు తగ్గిపోవడం కూడా క్షయమే. మా అక్కకు ఇరవై రెండేళ్లకు టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగి నయమైంది, కఫం పరీక్ష రెండుసార్లు చేసి లేదని రాసిచ్చినారు. అయినా సంబంధాలవాళ్లకు ఎవరో ‘ఆ పిల్లకు క్షయ’ అని చెప్పినారు. టీబీ అంటే మందులున్న జబ్బులాగా వినిపిస్తుంది, క్షయ అంటే మనిషే కరిగిపోతున్నట్లు వినిపిస్తుంది. రెండు సంబంధాలు తప్పిపోయినాయి. మూడో ఇంటికి మా నాయన తానే రిపోర్టు పట్టుకుని పోయి, చదివి వినిపించి వచ్చినాడు. ఇప్పుడు అక్కకు ఇద్దరు పిల్లలు.

నంద్యాల_నర్సక్క
ప్రభుత్వం టీబీ రోగులకు తిండి కోసం నెలనెలా ఇచ్చే డబ్బుల పథకం పేరు నిక్షయ్. క్షయ లేకుండా చేయడం అని. ఆ పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. మొదట నెలకు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి 1000 చేసినారు.

అయివారు_పులివెందుల
క్షయకు ఇంకొక పేరు రాజయక్ష్మ. చంద్రుడు రాజు కాబట్టి, మొట్టమొదట ఆయనకే దక్షుడి శాపం వల్ల వచ్చిందని కథ. క్యాన్సర్‌ను రాచపుండు అన్నా అంతే. జబ్బుల్లో అది రాజు అని భయం. పాత వైద్యులు వీపు మీద లేచే పెద్ద కురుపును కూడా రాచకురుపు అనేవాళ్లు, తర్వాత ఆ మాట క్యాన్సర్‌కు వచ్చింది.

జొన్నరొట్టె
మా అమ్మకు మేము రాచపుండు అనలేదు, క్యాన్సర్ అనలేదు. ‘గడ్డ’ అని చెప్పినాము, చివరిదాకా. ఆమె కూడా గడ్డ అనే అనేది. పోయే వారం ముందర నా చెయ్యి పట్టుకుని ‘మీరు గడ్డ గడ్డ అంటుంటే నేను కూడా గడ్డే అన్నానమ్మా, మీరు ఏడుస్తారని’ అంది. మేము ఆమెకు దాచిపెట్టినాము అనుకున్నాము. ఆమె మాకు దాచిపెట్టింది.

కడప_కారందోశ
అక్కా...

రాయదుర్గం_జీన్స్
చావు మాటల్లో నన్ను కొట్టింది చాలా చిన్న మాట. బెంగళూరులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. ‘జేజినాయన పోయినాడు’ అంది. నేను బస్సులో ఉన్నా, గోల. ‘యాడికి పోయినాడు?’ అని అడిగినాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ మౌనంలో అర్థమైంది. ఇప్పటికి తొమ్మిదేళ్లు. ఎవరైనా ‘పోయినాడు’ అంటే ముందు ఊరిపేరు కోసం ఆగుతాను.

అయివారు_పులివెందుల
చనిపోవడంలో ‘చను’ అన్నా పోవడమే నాయనా. పోయి పోవడం. చచ్చినాడు అనలేక, వెళ్లినాడు అన్నారు మనవాళ్లు. దివంగతులు అన్నా దివికి వెళ్లినవాళ్లు. ఒక్క కీర్తిశేషులు మాటే వేరు, వెళ్లడం కాదు, మిగలడం. కీర్తి మాత్రమే శేషంగా ఉన్నవాళ్లు. దినాల కార్డుల్లో ‘స్వర్గస్తులు’ అని అచ్చు వేస్తున్నారు, స్వర్గస్థులు అని ఉండాలి. స్వర్గంలో ఉన్నవాళ్లు.

ఆదోని_బాషా
మావాళ్లు ఇంతకాల్ అయింది అంటారు. ఒక చోటి నుంచి ఇంకొక చోటికి మారడం. ఆస్తి ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారినా ఇంతకాలే. మా పక్కింటి చర్చి వాళ్లు ప్రభువునందు నిద్రించినారు అంటారు, లింగాయతులు శివైక్యం అంటారు. మంత్రాలయం మాకు దగ్గరే, అక్కడ రాఘవేంద్రస్వామి పోయినాడు అని ఎవరూ అనరు, 1671లో బృందావనంలో ప్రవేశించినాడు అంటారు. చచ్చినాడు అన్న మాట ఎవరికీ చేతకాదు.

తుంగభద్ర_నీళ్లు
దింపుడు కళ్లం గురించి చెప్పండి అయివారూ. క్రికెట్లో, ఎలక్షన్లో ‘దింపుడు కళ్లం ఆశ’ అని రాస్తుంటారు.

జొన్నరొట్టె
అది నేను చూసినాను, నేను చెప్తాను. సుడుగాడుకు సగం దారిలో పాడె దింపుతారు. మా అన్న మోకాళ్ల మీద కూర్చుని, అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి ‘అమ్మా’ అని మూడుసార్లు పిలిచినాడు. మొదటి రెండుసార్లు మెల్లగా, మూడోసారి అరిచినాడు. లేస్తుందేమో అని అందరూ అమ్మ మొహమే చూస్తున్నారు. లేవదని అందరికీ తెలుసు. అయినా చూస్తారు. క్రికెట్‌కు ఆ మాట వాడొద్దు తమ్ముడూ, నీకు దండం పెడతాను.

తుంగభద్ర_నీళ్లు
తెలియక అన్నాను అక్కా. ఇక వాడను.

నంద్యాల_నర్సక్క
నాకు ఆ ఆశ ఐసీయూ బయట రోజూ కనిపిస్తుంది. బ్రెయిన్ డెడ్ అని చెప్తే ‘కోమా కదా, లేస్తాడు కదా’ అంటారు. కోమాలో మెదడు బతికి ఉంటుంది, కొందరు లేస్తారు. బ్రెయిన్ డెడ్ అంటే మెదడు పూర్తిగా పోయింది, మళ్లీ రాదు. మిషను ఊపిరి పోస్తుంటే గుండె కొట్టుకుంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. వెచ్చగా ఉన్న చేతిని పట్టుకున్న తల్లికి ఈ తేడా చెప్పాలి. ఆ నిమిషానికి నాకు తెలుగులో మంచి మాట ఇప్పటికీ దొరకలేదు.

మందులషాపు_గుత్తి
రైతు అన్నా, ఒక పని చేస్తున్నాను. షాపు ముందర చాక్‌పీసుతో బోర్డు రాసిపెట్టినా. ‘మెదడుదెబ్బ: మూతి వంకర, చెయ్యి బరువు, మాట ముద్ద. గంట చూసుకోండి. 108.’ పక్షవాతం అని కింద చిన్నగా రాసినా, లేకపోతే దేనికో తెలియదు కదా.

శెనక్కాయల_రైతు
మా ఊరి పాలకేంద్రం గోడ మీద కూడా రాస్తాను. సున్నం కొట్టించి పెట్టినా, పెయింటరు ఆదివారం వస్తాడు. మా చిన్నాయన తానే డబ్బులు ఇస్తానన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మా నాయన ముందర కూర్చోలేకపోతున్నాడు, నిలబడే మాట్లాడి పోతాడు.

ఇంకొక మాట, ఇక్కడ అందరూ అర్థాలు మాట్లాడుతున్నారు కాబట్టి. మా నాయనకు మాటలు వస్తాయి, కానీ ఒకదానికి ఇంకొకటి వస్తుంది. నీళ్లు కావాలంటే ‘బండి’ అంటాడు. ఆవును ‘గొడుగు’ అంటాడు. తప్పు వచ్చిందని ఆయనకు తెలుస్తుంది, కళ్లు మూసుకుని ఎడమచేత్తో నుదురు కొట్టుకుంటాడు. మొదట్లో మేము ‘బండి కాదు నాయనా, నీళ్లు’ అని దిద్దేవాళ్లం. ఇప్పుడు మానేసినాము. మా బిడ్డ నోటుబుక్కులో రాసి పెట్టింది, బండి అంటే నీళ్లు, గొడుగు అంటే ఆవు, సోమారం అంటే బీడీ. ఇరవై ఏడు మాటలు అయినాయి.

నంద్యాల_నర్సక్క
దాన్ని అఫేసియా అంటారు తమ్ముడూ. దిద్దడం మానేసి మంచి పని చేసినారు. అయితే ఆయన బండి అన్నప్పుడు చెంబు చేతికిచ్చి, మెల్లగా ‘నీళ్లు’ అని మీరు ఒకసారి అనండి. ఆయనను అనమని బలవంతం చేయొద్దు. స్పీచ్ థెరపీకి కూడా తీసుకుపోండి. మూడు నెలలే కదా అయింది, ఇంకా వస్తాయి.

శెనక్కాయల_రైతు
సరే అక్కా. పొద్దున పాలు పిండేటప్పుడు మొదలుపెడతాను. ఆయన ఇప్పటికీ ఆరున్నరకే గొడుగు దగ్గరికి వచ్చి కూర్చుంటాడు.